ఒకే గట్టు, రెండు చట్టాలు

దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో రోడ్డు వెడల్పు చేయాలన్నా, కొత్త ఇళ్లు కట్టాలన్నా ముందు మాలాంటి సర్వేయర్లు వెళ్లి అక్కడ ఏ ప్రాణులున్నాయో చూసి రాసివ్వాలి. చేల గట్ల మీది పొదల్లో డార్‌మౌస్ ఉంటుంది. గట్టు దిగితే పొలంలో చెవులపిల్లి. మాకు ఫీజు వచ్చేది మాత్రం మొదటిదాని పేరు మీదే.

డార్‌మౌస్ ఎలుకల వర్గమే గానీ తోక ఉడుతకు మల్లే బొచ్చుతో ఉంటుంది, ఒళ్లు బంగారు రంగు. వేసవిలో తూకం 20 గ్రాములకు అటూ ఇటూ. దాని కోసం చెట్లకు కట్టే పెట్టెల కన్నం కాండం వైపు ఉంటుంది. దింపే ముందు అందులో గుడ్డ కుక్కాలి, లేదంటే మూత తీసేలోపే కొమ్మల్లోకి మాయం. పెట్టెను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూత జరిపితే హనీసకిల్ తీగ బెరడును నారలా చీల్చి అల్లిన గూడు కనిపిస్తుంది, చుట్టూ పచ్చి ఆకులు. చలి రోజైతే తోక ముఖం మీద కప్పుకుని, ఒళ్లు చల్లబడి, తూకం వేసినా కళ్లు తెరవదు. ఒక్కోసారి గురక కూడా పెడుతుంది. ఎన్నేళ్లుగా చేస్తున్నా ఆ గురక వింటే నాకు నవ్వాగదు.

చలి ముదిరితే ఏప్రిల్ దాకా నేల మీద, ఆకుల కింద దాని నిద్ర. అందుకే పొదలు తీసేయాల్సి వస్తే చలికాలంలో పైపైన చేతి రంపాలతో కొట్టిస్తాం. మొదళ్లు పెకలించేది అది లేచి వెళ్లాక, మే నెలలో. లైసెన్సు లేకుండా దాన్ని పట్టుకోవడమే నేరం. కాంట్రాక్టర్లు విసుక్కుంటారు, అయినా ఆగుతారు.

చెవులపిల్లికి ఆ చలికాలపు నిద్రా లేదు, గూడూ లేదు. మూడు నాలుగు కిలోల జంతువు, గడ్డిలో చిన్న గుంట చేసుకుని ఏడాదంతా ఆరుబయటే. పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. తల్లి రోజుకొక్కసారి, పొద్దుగూకాక వచ్చి కాసేపు పాలిచ్చి పోతుంది. తక్కినప్పుడు కదలకుండా పడుండటమే వాటికి రక్ష. గడ్డి కోసే యంత్రం ముందు అది చెల్లదు.

చెవులపిల్లి కూడా సంరక్షణ ప్రాధాన్య జాతుల జాబితాలో ఉన్నదే. అయినా ఇంగ్లండ్‌లో పిల్లలు పెట్టే కాలంలోనూ దాన్ని కాల్చొచ్చు. 1892 నాటి చట్టం మార్చి నుంచి జూలై దాకా ఆపేది అమ్మకాన్నే. స్కాట్లండ్‌లో ఫిబ్రవరి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా వేటకే సెలవు. ఇంగ్లండ్‌లోనూ అలాంటి గడువు పెట్టాలి. నా రిపోర్టుల్లో చెవులపిల్లికి ఒక పేరాకు మించి చోటు దొరకాలంటే ముందు చట్టం మారాలి.