రెండు కొబ్బరిచెట్లు, ఒక తీగ

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మా హాస్టల్లో నాకొక పేరుంది, "వైర్‌లెస్" అని. పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు గాని నాకు బాగానే వుంది. నా గది కిటికీ నుంచి ఎదుటి నీళ్ళ ట్యాంకు దాకా నేను కట్టిన తీగను చూసి మొదట్లో అందరూ బట్టలారేసుకోడానికి అనుకున్నారు. ఆరేశారు కూడా. ఒకనాటి ఉదయం దానిమీద మూడు లుంగీలు, ఒక తువ్వాలు వేలాడుతుండగా, అది రేడియో వినడానికి కట్టిన యాంటెన్నా అని వార్డెన్‌గారికి నచ్చచెప్పవలసి వచ్చింది. అప్పటినుంచి "ఏమిటి నీ రేడియో గొడవ?" అని అడగనివారు లేరు. విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి మన సంచికలో రాసేస్తే పోతుందనిపించింది.

అమెచ్యూర్ రేడియో అంటే, డబ్బు ఆశించకుండా నేర్చుకోవడానికీ, ప్రయోగాలు చేసుకోవడానికీ, తోటివారితో మాట్లాడుకోవడానికీ ప్రభుత్వ లైసెన్సుతో సొంత వైర్‌లెస్ స్టేషను నడుపుకోవడం. అలా నడిపేవాళ్ళను హామ్‌లు అంటారు. మధ్యలో సెల్ టవరు వుండదు, కంపెనీ వుండదు. ఈ చివర ఒక సెట్టు, ఆ చివర ఒక సెట్టు, నడుమ ఆకాశం. అంతే.

"జేబులో ఫోనుండగా ఇదెందుకు?" అంటారు మిత్రులు. నిజమే. 2018 అక్టోబరు 11 దాకా నేనూ ఆ మాటే అనేవాణ్ణి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస ప్రాంతంలోనే తీరం దాటింది. అప్పటికి నాకు పదమూడేళ్ళు. వంటింటి మూల నాయనమ్మ పక్కన ముడుచుకుని కూర్చుని, తోటలో చెట్లు ఒక్కొక్కటీ పడుతున్న చప్పుడు విన్నాను. తెల్లారి చూస్తే తోట లేదు. దారి లేదు. కరెంటు స్తంభాలు వంగిపోయి వున్నాయి. ఫోన్లు మూగబోయాయి.

చిన్నాన్న అప్పుడు చెన్నైలో ఒక హోటల్లో పని చేస్తుండేవాడు. టీవీలో మా వైపు బొమ్మలు చూశాడు. ఫోను చేస్తే పలకలేదు. "మీ వూరు వూరంతా పోయిందట" అని ఎవరో అన్నారట. సెలవడిగితే యజమాని ఇవ్వలేదు. చెప్పకుండా బయల్దేరాడు. దొరికినంత దూరం రైల్లో, ఆ తర్వాత లారీలో, చివరికి పడిపోయిన చెట్లమీదుగా ఎక్కుతూ దిగుతూ నడిచి నాలుగోనాడు సాయంత్రం ఇల్లు చేరాడు. అరుగుమీద నాయనమ్మ గిన్నె కడుగుతోంది. ఏమీ అడగలేదు. చెప్పులతోనే అరుగుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిరిగి వెళ్ళేసరికి ఆ ఉద్యోగం పోయింది.

మేం బతికే వున్నామన్న ఒక్క ముక్క ఆయనకు అందించడానికి ఆ నాలుగు రోజులూ మా దగ్గర సాధనం లేకపోయింది. ఈ సంగతి నా మనసులో అలాగే వుండిపోయింది.

రెండో సంవత్సరంలో ఎలక్ట్రానిక్స్ మేష్టారు పాఠం మధ్యలో మాటవరసకు 2004 సునామీ సంగతి చెప్పారు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్‌గారి బృందం ఆ డిసెంబరులో అండమాన్‌లో వుందిట. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళు. 26న సునామీ వచ్చింది. వాళ్ళు సరదా పక్కనపెట్టి, దీవుల క్షేమసమాచారాలు అటూ ఇటూ చేరవేసే పనిలో పడ్డారు. ఆ మాట విన్నాక నాకు ఆ గంటలో మిగతా పాఠం చెవికెక్కలేదు.

చేరదలచినవారికి నా మొదటి సలహా: ముందు వినండి. సెట్టు కొనడానికి తొందరేమీ లేదు. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అటకమీంచి తాతయ్య ట్రాన్సిస్టర్ దించాను. దాని షార్ట్‌వేవ్ బ్యాండులో 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర హామ్‌లు దొరుకుతారు. కాని మామూలు రేడియోలో వాళ్ళ మాట బాతు అరిచినట్టు వుంటుంది. వాళ్ళు వాడేది సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి. అందులో క్యారియర్ తరంగాన్ని పంపరు, మాట వున్న ఒక పక్కనే పంపుతారు. లేని క్యారియర్‌ను మనం ఇక్కడ కలపాలి. అందుకు మేష్టారు చెప్పిన కిటుకు: పక్కన ఇంకో పాత రేడియో పెట్టి దాన్ని 455 కిలోహెర్ట్జ్ కిందకి, అంటే 6.645 దగ్గరకి తిప్పాలి. దాని లోపలి ఆసిలేటర్ సరిగ్గా 7.1 దగ్గర పనిచేస్తుంది గనుక ఆ లోటు అదే పూడుస్తుంది. పక్కింటివాళ్ళ రేడియో అరువు తెచ్చి వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ కూర్చున్నాను. బాతు అరుపు ఉన్నట్టుండి మనిషి గొంతయింది. ఎవరో పెద్దాయన ఇంగ్లీషులో తమ వూళ్ళో వాన పడుతోందని చెబుతున్నాడు. వానకబురే. కాని నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక లైసెన్సు. దీనికి ఆమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. పన్నెండేళ్ళు నిండిన భారతీయులెవరైనా రాయవచ్చు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యు.పి.సి. విభాగం నిర్వహిస్తుంది. రెండు అంతస్తులు: రిస్ట్రిక్టెడ్, జనరల్. మొదటిదానికి మోర్స్ కోడ్ అక్కర్లేదు. దానితో వచ్చే కాల్ సైన్ వి.యు.3తోనూ, జనరల్ వారిది వి.యు.2తోనూ మొదలవుతాయి. ప్రశ్నపత్రంలో ఒక భాగం ఎలక్ట్రానిక్సు: ఓమ్ సూత్రం, ఆసిలేటర్లు, మాడ్యులేషన్, తరంగాలు అయనోస్ఫియర్ మీంచి ఎలా తిరిగివస్తాయన్నది. మన ఫిజిక్సు వాళ్ళకు ఇది మంచినీళ్ళు. రెండో భాగం నియమాలు. ఇక్కడే మనవాళ్ళు బోల్తాపడతారు, "చూసుకోవచ్చులే" అని. 1978 నాటి నియమాలు, వాటి సవరణలు, క్యూ కోడ్, అక్షరాల్ని ఆల్ఫా, బ్రావో అని చెప్పే పద్ధతి, ఇవి కంఠస్థం రావాలి. నేను హైదరాబాదు వెళ్ళి పరీక్ష రాశాను.

పాసయ్యాక నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. టెన్త్ సర్టిఫికెట్లో నా ఇంటిపేరు పొడి అక్షరంగా వుంది, ఆధార్‌లో పూర్తిగా వుంది. "అదీ నేనే, ఇదీ నేనే, ఏమవుతుంది?" అనుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. తిరిగొచ్చింది. పేరు సరిచేయించి మళ్ళీ పెట్టేసరికి మా నాన్న ఒక పంట తీసేశాడు. కాబట్టి పరీక్షకు ముందే కాగితాలన్నిటిలో పేరు ఒక్కలా వుందేమో చూసుకోండి. నియమాలూ, రుసుములూ అప్పుడప్పుడు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టేనాడు ప్రభుత్వ ప్రకటన మీరే చదువుకోండి. సీనియర్ చెప్పాడని నమ్మకండి. ఈ సీనియర్‌తో సహా!

ఇంకొకటి. స్టేషను ఎక్కడ పెడతారో ఆ చిరునామా లైసెన్సులో వుంటుంది. హాస్టలా, ఇల్లా అని రెండు రోజులు ఆలోచించాను. హాస్టల్ చిరునామా రాస్తే రోజూ మాట్లాడుకోవచ్చు. ఇంటిది రాస్తే సెలవుల్లోనే. చివరికి మా వూరే రాశాను. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

లైసెన్సు రాకముందు ట్రాన్స్‌మిటర్ కొనకండి. దగ్గర వుంచుకోవడమే నేరం. వచ్చాక అందరూ మొదట చూసేది చేతిలో ఇమిడే హ్యాండీ సెట్టు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పట్నంలో బాగుంటుంది. కాని ఆ తరంగాలు దాదాపు కంటిచూపులాగా సూటిగా పోతాయి. కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. మా వూరినుంచి దానితో ఎవరికీ అందను. 7 మెగాహెర్ట్జ్ అలా కాదు. పైకి పోయి అయనోస్ఫియర్‌కు తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అందుకని నేను దానికే వెళ్ళాను. కొత్త విదేశీ సెట్టు మన తాహతుకు మించినది. అయితే హైదరాబాదు హామ్ అషర్ ఫర్హాన్‌గారు చౌకగా దొరికే విడిభాగాలతో కట్టుకునేలా బిటెక్స్ అనే సెట్టును రూపొందించారు. కాయిల్స్ చుట్టడానికి కుళాయి వాషర్లు వాడమన్న మహానుభావుడాయన. ప్రపంచమంతటా జనం దాన్ని కట్టుకున్నారు. ఆ జాతి సెట్టే నాదీ. మేష్టారి పర్యవేక్షణలో టంకం పెట్టాను, వేళ్ళు రెండుసార్లు కాల్చుకున్నాను. శక్తి ఆరు వాట్లు. మన మెస్సులో బల్బు అంతకంటే ఎక్కువ తింటుంది.

సెట్టు ఎంత గొప్పదైనా యాంటెన్నా బాగాలేకపోతే దండగ. ఇక్కడ మాత్రం పేదవాడికీ ధనవంతుడికీ తేడా లేదు. లెక్క చిన్నదే: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి సుమారు 20.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10.07. ముందు ఒక జానెడు ఎక్కువే కోసుకుని తర్వాత తగ్గించుకోండి. కోసిన తీగ మళ్ళీ పెరగదు. ఇళ్ళకు వాడే మామూలు కరెంటు వైరు చాలు. రెండు ముక్కల నడుమా, చివరలా ఇన్సులేటర్లుగా బోరు పైపు ముక్కలు వాడాను. కోయాక్సియల్ కేబుల్ నడిమి తీగ ఒక వైపుకి, పై అల్లిక రెండో వైపుకి. ఎస్.డబ్ల్యు.ఆర్. మీటర్ పెట్టి చూసి, వెనక్కి తిరిగొచ్చే శక్తి బాగా తగ్గేదాకా కొసలు కత్తిరించాలి. యాంటెన్నా తగిలించకుండా ఎప్పుడూ మైకు బటన్ నొక్కకండి. చివరి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

తిత్లీకి తట్టుకుని మా పెరట్లో రెండు కొబ్బరిచెట్లు మిగిలాయి. వాటి నడుమ కట్టాను. మొదటిసారి వీణ తీగలా బిగించి కట్టి మురిసిపోయాను. ఆ రాత్రి గాలికి చెట్లు చెరోవైపు వూగి తీగ తెగింది. నాన్న చూసి, "చెట్టు వూగదేటిరా? బావి గిలక కట్టి, కొసకి రాయి యేలాడదియ్యి" అన్నాడు. అలాగే చేశాను. చెట్టు వూగితే రాయి పైకీ కిందకీ ఆడుతుంది, తీగ మాత్రం తెగదు. ఈ సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం ప్రాణం మీదివి: కరెంటు తీగల దరిదాపుల్లో యాంటెన్నా కట్టకండి. మబ్బు ఉరిమే సూచన కనబడగానే కేబుల్ పీకి ఇంటి బయట పడేయండి.

కరెంటు పోయిననాటికే గదా ఇదంతా. కాబట్టి సెట్టును బ్యాటరీమీదే నడపడం అలవాటు చేసుకున్నాను. ఆ బ్యాటరీ ఎక్కడిదంటే, జీడితోటకు మందు కొట్టే పంపులోది. 12 వోల్టులు, 8 యాంపియర్ అవర్. వినడానికి చాలా కొద్ది కరెంటే తీసుకుంటుంది, మాట్లాడేటప్పుడే కాస్త ఎక్కువ. పొదుపుగా వాడితే రెండు రోజులు లాగుతుంది. నాన్నకు మాత్రం ఇది మింగుడుపడలేదు.

"మందు కొట్టే బ్యాటరీ పట్టుకుపోయి మాటాడతన్నావు. పోనీ, పలాసలో జీడిపిక్కల ధర అడుగు."

"వ్యాపారం మాటలు కూడదు నాన్నా. రూలు."

"మరి నాను మాటాడొచ్చా?"

"లైసెన్సు లేనివాళ్ళు కూడదు. తుఫానులాంటి ఆపద వచ్చినప్పుడు మాత్రం ఇతరుల కబురు నేను పంపొచ్చు."

"మరి మిగతా దినాలు ఏటి మాటాడుకుంటారు?"

"యాంటెన్నాల గురించి."

నాన్న నన్ను చాలాసేపు చూశాడు. చదివిస్తున్న డబ్బు లెక్క వేసుకుంటున్నాడు కాబోలు.

ఆయన ప్రశ్న చిన్నది కాదు. ఆపద రోజున అక్కరకు రావాలంటే మిగతా రోజుల్లో వూసుపోక కబుర్లయినా చెప్పుకోవాలి. ఏ వేళకు తరంగం ఎక్కడ దిగుతుందో, ఎవరు ఏ గంటకు వింటుంటారో రోజువారీ అలవాటులోనే తెలుస్తుంది. సెట్టును అటకమీద దాచి, తుఫాను నాడు దించితే అవతల వినేవాడుండడు.

నా మొదటి మాటలు సంక్రాంతి సెలవుల్లో, ఒక ఉదయం ఏడు గంటలప్పుడు. "సి.క్యూ, సి.క్యూ" అని మూడుసార్లు పిలిచాను. గొంతు వణికింది. నాలుగోసారికి రాయచూరు వైపునుంచి ఒక పెద్దాయన పలికారు. "ఫైవ్ సెవెన్" అన్నారు, అంటే మాట స్పష్టంగా వుంది, సిగ్నల్ మంచి బలంగా వుంది అని. ఎన్ని వాట్లు, యాంటెన్నా ఏమిటి అని అడిగారు. ఆరు వాట్లు, రెండు కొబ్బరిచెట్లు అన్నాను. ఆయన నవ్విన నవ్వు మా వరండా అంతా వినబడింది. నాయనమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, ఎవరు ఎక్కడున్నారో తెలియక, పెట్టెకు దణ్ణం పెట్టింది.

చిన్నాన్న ఇప్పుడూ చెన్నైలోనే, వేరే హోటల్లో. ఆయనకు రెండు రేడియోల కిటుకు ఫోన్లో చెప్పాను. పాత సామాన్ల అంగట్లో రెండు ట్రాన్సిస్టర్లు కొన్నాడట. గోడమీద సున్నంతో 7.1 అనీ, 6.645 అనీ రాసుకున్నాడట. ఆయనతో నేను ఆ సెట్టులో మాట్లాడలేదు, మాట్లాడకూడదు కూడా. కాని మొన్న వేసవి సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున్న నేను విజయవాడ హామ్ ఒకాయనతో మాట్లాడి సెట్టు కట్టేయగానే ఫోను మోగింది.

"మేడ మీద కూకుని ఇన్నాన్రా. బాతునాగే వుంది. కాని నీ గొంతు పోల్చుకున్నాను."

అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. ఫోను నాయనమ్మకిమ్మన్నాడు.

మన కాలేజీలో ఇంకో నలుగురు ముందుకొస్తే పరీక్షకు కలిసి చదువుకుందాం. మేష్టారు సాయంత్రాలు ల్యాబు తెరిచి వుంచుతానన్నారు. తీగా తాడూ నేను తెస్తాను. బట్టలు మాత్రం ఆరేయకండి.

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు ఒక అంకె చెబుతారు. శుభాకాంక్షలు అని దానర్థం. పాఠక మిత్రులకు 73.