దుకాణం మూసిన మూడో రోజు

మనోహరాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కల్లు దుకాణానికి ఎక్సైజ్ వాళ్లు సీలు వేశారని తెలిస్తే, డాక్టరుగా నేను ముందు చూసుకునేది మా ఓపీలో డయజిపాం గోళీలు ఎన్ని ఉన్నాయని. మొదటి రోజు ఎవరూ రారు. రెండో రోజు నిద్ర పట్టలేదని, చేతులు వణుకుతున్నాయని ఒకరిద్దరు వస్తారు. మూడో రోజు నుంచి ఆటోల్లో తెచ్చి దించుతారు. ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నవాళ్లు, లేని పురుగుల్ని గోడ మీద ఏరుతున్నవాళ్లు, కన్నకొడుకును గుర్తుపట్టనివాళ్లు. వీళ్లలో బ్రాందీ, విస్కీ ఏనాడూ ముట్టనివాళ్లే ఎక్కువ. రోజూ సాయంత్రం రెండు మూడు సీసాల కల్లు తాగుతారు, అదే వాళ్ల అలవాటు.

చెట్టు నుంచి దించిన కల్లు అయితే ఇలా జరగదు. పులిసిన ఈత కల్లులో ఆల్కహాలు ఇంచుమించు బీరులో ఉన్నంతే. రెండు సీసాల బీరు మానేసినవాడికి మూడో రోజు ఫిట్స్ రావు. వీళ్లు మానేసింది కల్లును కాదు, కల్లులో కలిపిన మత్తుమందును. చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, తెల్లపొడి పూడుస్తున్నాయి. ఒకప్పుడు ఆ పొడి క్లోరల్ హైడ్రేట్. తర్వాత డయజిపాం వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా ఆల్ప్రజోలం. ఆందోళనకు మేం రాసే ఆల్ప్రజోలం గోళీలో ఉండేది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అంటే ఒక్క గ్రాము పొడి రెండు వేల అర మిల్లీగ్రాము గోళీలతో సమానం. కిలో పొడి అయితే 20 లక్షల గోళీలు. దాన్ని ఒక మనిషి డ్రమ్ములో చేతి అంచనాతో కలుపుతాడు. ఏ సీసాలోకి ఎంత వెళ్లిందో కలిపినవాడికే తెలియదు, తాగినవాడికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ నేను రాస్తున్న మనుషుల్లో ఎవరూ ఒకే వ్యక్తి కారు. ఎవరినీ గుర్తుపట్టకూడదని పలువురి వివరాలు కలిపి, మార్చి చెబుతున్నాను.

కాళ్లకల్ ఫ్యాక్టరీల్లో లోడింగ్ పని చేసే నడివయసు మనిషిని భార్య, బావమరిది పట్టుకుని తెచ్చారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు.

"నిన్న రాత్రిసంది ఒక్క తీరుగ ఉంటలేడు సారు. సచ్చిపోయిన వాళ్ల నాయినతోని మాట్లాడుతుండు. ఎవరో చేసిండ్రని మా అత్త మంత్రాలాయన దగ్గరికి తోలుకపొమ్మన్నది" అంది భార్య.

"కల్లు ఎప్పుడు బందైందమ్మా?"

"మూడు దినాలాయె. దుకాణం బందువెట్టిండ్రు గద."

బాణామతి, చేతబడి అన్న మాటలకు మెదక్ ప్రాంతంలో ఇంకా బలం ఉంది. అర్ధరాత్రి మనిషి ఉన్నట్టుండి మారిపోతే, కంటికి కనపడని వాళ్లతో మాట్లాడితే, ఇంట్లో పెద్దవాళ్లకు ముందు తోచేది అదే. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ మంత్రగాడి ఇంటి దగ్గర గడిచే ఒక్క రాత్రి ప్రాణం తీయగలదు. ఆల్ప్రజోలం మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచి మనిషిని నెమ్మది చేస్తుంది. నెలల తరబడి అది రోజూ అందితే, మెదడు తన సొంత నెమ్మదిని తగ్గించుకుంటుంది. హఠాత్తుగా ఆగితే ఆపేవాడు లేని ఉద్రేకం మిగులుతుంది. వణుకు, గుండెదడ, భ్రమలు, ఫిట్స్ అన్నీ అందులోంచి వచ్చేవే. ఆల్ప్రజోలం ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది కాబట్టి ఈ బాధ కూడా తొందరగా, తీవ్రంగా వస్తుంది.

ఆయనకు మా ఓపీ సరిపోదు. అప్పటికే మతి తప్పింది, జ్వరం ఉంది. సూది వేసి, పెద్దాసుపత్రికి పంపాను. వారం తర్వాత నడిచి వచ్చాడు, భార్య వెనకాలే మందుల కవరు పట్టుకుని. అసలు వైద్యం అప్పుడే మొదలైంది.

ఈ వైద్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనంలో దీని మీద రెండు తప్పుడు అభిప్రాయాలు ఉన్నాయి. గట్టిగా అనుకుంటే ఒక్కరోజులో మానేయవచ్చన్నది ఒకటి. మానాలంటే నెలల తరబడి ఎక్కడో బంధించి ఉంచాల్సిందే అన్నది రెండోది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఇలాంటి మందులకు అలవాటుపడినవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారు. అక్కడివాళ్లు కల్లు తాగినవాళ్లు కారు, డాక్టర్లు రాసిన గోళీలే మింగి ఇరుక్కున్నవాళ్లు. ఆమె వాళ్లను వాళ్ల ఇళ్ల దగ్గరే ఉంచి, త్వరగా దిగిపోయే మందు బదులు నిదానంగా దిగే డయజిపాం ఇచ్చి, దాన్ని వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించి బయటపడేశారు. మనోహరాబాద్‌లో నేను చేసేదీ ఆ పద్ధతే.

మొదట మూత్రపరీక్ష చేస్తాం. చిన్న పట్టీ మీద గీతతో ఆల్ప్రజోలం, డయజిపాం జాతి మందు ఉందో లేదో తెలిసిపోతుంది. ఎంత ఉందో చెప్పదు, క్లోరల్ హైడ్రేట్‌ను అసలే పట్టుకోదు. అందుకే పట్టీ కంటే మనిషిని ఎక్కువ చూస్తాను. వణుకు ఆగి, నిద్రపట్టి, మత్తులో తూలకుండా ఉండే మోతాదు ఎంతో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. అక్కడి నుంచి తగ్గించడం. వారానికి సరిపడా గోళీలే ఇస్తాను, అవీ రోగి చేతికి ఇవ్వను. భార్యో, తల్లో, పెద్దకొడుకో దాచిపెట్టి పూటపూటకు ఇవ్వాలి. గోళీల ఖాళీ పట్టీలు తెచ్చి చూపిస్తేనే కొత్తవి. సగం మోతాదు వరకు త్వరగానే దిగవచ్చు. చివరి గోళీ, చివరి అరగోళీ మానడమే కష్టం. నిద్ర చెదిరిపోతుంది, చిరాకు పెరుగుతుంది. "ఇగ చాలు సారు, ఒక్కసారే బంద్ జేస్త" అని మొండికేసేది కూడా అప్పుడే. కల్లు గీత పని తెలిసినవాళ్లకు నేను చెప్పే మాట ఒకటుంది. చెట్టు మీద పని అయిపోయిందని ఎవరూ మోకు విప్పి దూకరు కదా, ఎక్కినట్టే దిగుతారు.

మోతాదులు ఇక్కడ రాయడం లేదు. కావాలనే రాయడం లేదు. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపులో డయజిపాం కొని సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ గోళీ మీద కల్లు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఓపీ వైద్యం ఎందుకంత ముఖ్యమో నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది చేగుంట వైపు నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు. నలభై దాటిన వయసు. పొద్దంతా చేట ముందు వంగి కూర్చోవడం వల్ల మెడ, భుజాలు నొప్పి. సాయంత్రం కల్లు తాగితే నొప్పి పోయేది, నిద్ర వచ్చేది. రానురాను పొద్దున తాగితే గాని చేతుల వణుకు ఆగని స్థితి. ఆసుపత్రిలో పది రోజులు ఉండమన్నాను. "దవాఖాన్ల పండుకుంటె బీడీలు ఎవరు జేస్తరు సారు? ఇంట్ల పిల్లలకు ఎవరు వండుతరు?" అంది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కూలి. చెయ్యని రోజు పైసా లేదు. ఆమెకు ఫిట్స్ రాలేదు, మతి తప్పలేదు, ఇంట్లో మందు ఇచ్చే పెద్దకూతురు ఉంది. ఓపీలోనే మొదలుపెట్టాం. భుజాల నొప్పికి వేరే మందులు, కొన్ని వ్యాయామాలు. కూతురు నోటుబుక్కులో తేదీ వేసి, మందు ఇచ్చిన పూటల్లా టిక్కు పెట్టేది. మధ్యలో ఒక పెళ్లికి వెళ్లి తాగింది. ఆ సంగతి తనే చెప్పింది. నేను తిట్టలేదు. తిడితే తర్వాతి వారం రాదు. ఇప్పుడు ఏ గోళీ లేకుండా పడుకుంటోంది.

ఇక్కడ ఒక ముసలి గీత కార్మికుడి గోడు కూడా చెప్పాలి. ఆయన నా రోగి కాదు, మనవడిని తీసుకొచ్చాడు. "చెట్టు కల్లు పోస్తె ఇది ఎక్కుతలేదు అంటున్నరు సారు. పొద్దుగాల దించి తెచ్చింది పొద్దుమూకి పారబోస్తున్న" అన్నాడు. పండుగకు, పెళ్లికి, చావుకు, ఎల్లమ్మ బోనానికి కల్లు సాక పోసే నేల ఇది. నేను కల్లుకు వ్యతిరేకిని కాను. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే మనిషి బతుకును, డ్రమ్ములో పొడి కలిపేవాడు కూలదోస్తున్నాడు. చట్టం దీన్ని చిన్న నేరంగా చూడలేదు. ఎన్‌డీపీఎస్ చట్టం కింద 100 గ్రాముల ఆల్ప్రజోలం అంటేనే వాణిజ్య పరిమాణం, రుజువైతే కనీసం పదేళ్ల జైలు.

ఈ మధ్య ఇంకో రకం రోగి కూడా వచ్చాడు. అమెరికాలో చదువుకుంటూ రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసిన కుర్రాడు. సెలవులకు ఇంటికొచ్చిన రెండో రోజు నుంచి ముక్కు కారడం, ఆవలింతలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, కాళ్లు నిలవనీయని తిమ్మిరి. తల్లిదండ్రులు డెంగీ అనుకుని రక్తపరీక్షలు చేయించారు. విడిగా కూర్చోబెట్టి అడిగితే క్రాటం అన్నాడు. థాయిలాండ్, మలేషియాల్లో పెరిగే చెట్టు ఆకు అది. అక్కడి కూలీలు అలసట తెలియకుండా నమిలేవారు. థాయిలాండ్ 1943లో నిషేధించి, 2021లో ఆ నిషేధం తీసేసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పొడిగా, క్యాప్సూల్‌గా కౌంటర్ మీదే అమ్ముతారు. ఆకులోని మిట్రాజైనిన్ మెదడులో నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తుంది. దాని నుంచి తయారుచేసే సెవెన్-హైడ్రాక్సీ గోళీలు ఇంకా తీవ్రమైనవి. వాటిని కట్టడి చేయాలని అక్కడి ఎఫ్‌డీఏ 2025 జూలైలో సిఫారసు చేసింది. "ఆకే కదా సర్, న్యాచురల్ అనుకున్నా" అన్నాడు కుర్రాడు. "చెట్టు కల్లే గద సారు" అని ఇక్కడివాళ్లు రోజూ అనే మాట గుర్తొచ్చింది.

అతనికి క్లోనిడిన్, నొప్పికీ విరేచనాలకూ మందులు, రోజు విడిచి రోజు ఓపీకి రావడం సరిపోయాయి. ఇంకా తీవ్రంగా ఉంటే బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చే డీఅడిక్షన్ కేంద్రానికి పంపేవాణ్ని. క్రాటం మానితే మనిషి నరకం చూస్తాడు గాని, ఒంట్లో వేరే జబ్బులు లేనివాళ్లు సాధారణంగా ప్రాణం మీదకు తెచ్చుకోరు. మందు కల్లు హఠాత్తుగా మానితే ప్రాణమే పోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన బిడ్డ కోసం పరుగెత్తే ఇళ్లలోనే, దుకాణం మూసేశాక వణికిపోతున్న జీతగాణ్ని "నాలుగు రోజులు పడితే వాడే దారికొస్తాడు" అని వదిలేయడం చూశాను.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఉమ్మడి మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఇలాంటి రోగులతో నిండిపోయాయి. ప్రాణాలూ పోయాయి. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో, జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు. కూకట్‌పల్లిలో చనిపోయారు కూడా. ఇలాంటి ఘటన జరగ్గానే కెమెరాలు వస్తాయి, దుకాణాలు మూతపడతాయి. మూడో రోజు మొదలయ్యే రెండో ఆపదకు కెమెరాలు ఉండవు. ఆ రోగులు లెక్కల్లో తాగుబోతులుగానో, ఫిట్స్ కేసులుగానో కలిసిపోతారు.

దుకాణం మూయవద్దని నేను అనను. మూయాల్సిందే. కానీ సీలు వేసే రోజే ఆ మండలం పీహెచ్‌సీకి కబురు అందాలి. అక్కడ డయజిపాం గోళీలు, సూదులు ఉండాలి, ఆశా కార్యకర్త తన ఊళ్లో రోజూ తాగేవాళ్ల ఇళ్లకు వెళ్లి "ఒక్కసారిగా మానకండి, దవాఖానకు రండి" అని చెప్పాలి. దాడికి జీపు బయలుదేరగలిగినప్పుడు ఈ కబురు వెళ్లడం కష్టం కాదు.

మీ ఇంట్లో ఇలాంటివారు ఉంటే మానేస్తానని ఒట్టు వేయించుకోకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. చివరిసారి ఎప్పుడు తాగారో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. సలహా కోసం టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.