బరోడాలో పుట్టిన జర్మన్ కెమెరా

విశాఖ ఉక్కునగరం క్వార్టర్లలో బీరువా పైఅర సర్దే రోజు వస్తే పాత పెళ్లి శుభలేఖల కింద నుంచి ఓ నల్లటి ప్లాస్టిక్ కెమెరా బయటపడుతుంది. ఆగ్ఫా క్లిక్ త్రీ. ‘‘జర్మన్ సరుకండీ, మా నాన్నగారిది’’ అంటారు ఇంటివాళ్లు. పేరు జర్మనీదే. పుట్టిల్లు మాత్రం బరోడా, న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వారి కర్మాగారం.

ఆగ్ఫా మొదట అద్దకం రంగుల కంపెనీ. 1867లో బెర్లిన్‌లో మొదలై, తర్వాత ఫిల్ములోకీ, 1925 నాటికి మ్యూనిక్‌లోని ఓ పాత కెమెరా కర్మాగారం కలిసివచ్చాక కెమెరాల్లోకీ దిగింది. 1930ల చివర వచ్చిన ఐసొలెట్ వరస దాని పెద్ద పేర్లలో ఒకటి. మూత తీస్తే తిత్తి సాగి లెన్సు ముందుకొచ్చే మడత కెమెరా అది. 1950ల చివర మ్యూనిక్ నుంచే క్లిక్ వరస వచ్చింది. తిత్తి లేదు, దూరం కొలవక్కర్లేదు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. ఆ వరసకు మన దేశపు తమ్ముడే క్లిక్ త్రీ.

వాడేవాళ్లకు మాత్రం దాని దగ్గర చాలా తంతు ఉండేది. నీడపట్టున కూర్చుని 120 రీలు ఎక్కించాలి. వెనక ఎర్రటి గుండ్రటి కిటికీలో ఒకటో నంబరు కనబడేదాకా మెల్లగా తిప్పాలి. పన్నెండు ఫొటోలు అయ్యాక రీలు పూర్తిగా చుట్టి, చివరి కాగితం పట్టీని నాలుకతో తడిపి అంటించాలి. పన్నెండే కాబట్టి ఊరికే నొక్కేసే ధైర్యం ఎవరికీ లేదు. పిల్లలకు తల దువ్వి, పౌడరు రాసి, ఎండ ముఖాన పడేట్టు నిలబెట్టి, ‘‘కదలకండిరా’’ అని కసిరాకే క్లిక్కు.

అందులో వేసిన రీలు చాలాసార్లు ఓర్వో. అసలు కథ ఇక్కడుంది. ఆగ్ఫా ఫిల్ము పాత కర్మాగారం వోల్ఫెన్‌లో ఉండేది. యుద్ధం అయ్యాక ఆ ఊరు తూర్పు జర్మనీ వాటాకు పోయింది. కెమెరాల మ్యూనిక్ పశ్చిమాన మిగిలింది. ‘ఆగ్ఫా’ పేరు పడమటి వాళ్లకే దక్కడంతో వోల్ఫెన్ వాళ్లు 1964లో ‘ఓర్వో’ అని పేరు మార్చుకున్నారు. తూర్పు జర్మనీతో మనది రూపాయల్లో వ్యాపారం, డాలర్లు అక్కర్లేదు. అందుకే ఆ రీళ్లు మన స్టూడియోలకు ధారాళంగా వచ్చాయి. బెర్లిన్‌లో గోడ కట్టుకుని ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు ఇక్కడ ఒకే డబ్బాలో సర్దుకుని మన అమ్మమ్మల ఫొటోలు తీశారు.

సముద్రపు గాలి మాత్రం ఈ కెమెరాల మీద దయ చూపలేదు. ఐసొలెట్ ఉన్నవాళ్లు చెప్పేదొకటే: తిత్తి మూలల్లో సూదిబెజ్జాలు పడి వెలుతురు కారుతుంది, లెన్సు చుట్టూ పెట్టిన గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి తిప్పితే తిరగదు. మన తేమకు లెన్సుకు బూజు అదనం. క్లిక్ త్రీకి తిత్తీ లేదు, చెడిపోవడానికి అంత యంత్రమూ లేదు. పేదరికమే దానికి ఆయుష్షు పోసింది.

1990లో మన స్టీలు ప్లాంటులో ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నేసు రగిలింది. ఆ ఏడే రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. తర్వాత కొన్నేళ్లకే పాత వోల్ఫెన్ కర్మాగారం మూతపడింది. ఆగ్ఫా ఫొటో కంపెనీ కూడా 2005లో దివాళా తీసింది.

కాబట్టి ‘‘ఇది జర్మనీదా, మనదా?’’ అని ఎవరైనా అడిగితే ప్లాంటు వైపు చూపిస్తాను. దాని నిర్మాణానికి సోవియట్ సాయం ఉంది. అయినా 1966 ఉక్కు ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకుని, ఆనక పొలాలు వదులుకుని, కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్లు దాన్ని విశాఖ ఉక్కు చేశారు. మన ఎండలో, మన పిల్లల్ని నిలబెట్టి పన్నెండేసి ఫొటోలు తీసిన కెమెరా మీదా మనకు అంతే హక్కు ఉంది. 120 రీలు ఇప్పటికీ దొరుకుతోంది. బీరువాలో ఉంటే దించి, ఓ రీలు వేసి చూడండి.