ఎండు మామిడి మీద వడ్రంగి

రాయగడలో ఉన్నన్నాళ్లూ స్వెట్టరు పెట్టెలోనే ఉండేది. బదిలీ మీద కాశీపూర్ వచ్చాక, కార్తీకం దాటితే మంకీ క్యాపు లేకుండా గడప దాటడం లేదు. ఘాటు ఎక్కాక వచ్చే ఊరు మరి. షుగరుకి రోజూ నడవాలన్నారు డాక్టరు గారు. ఆ మాట చలికి ఎవరు చెబుతారు?

పుష్యమాసంలో ఒక ఆదివారం. ఊరి చివర మట్టిబాటలో మంచు ఇంకా విడలేదు. టక్, టక్, టక్. ఎవరో బాడిసతో కర్ర చెక్కుతున్నారనుకుని ఆగిపోయాను. మా నాన్న పార్వతీపురం నుంచి రాయగడ వచ్చి స్థిరపడిన వడ్రంగి. చిన్నప్పుడు ఆ చప్పుడుతోనే నాకు తెల్లవారేది.

తీరా చూస్తే మనిషి లేడు. ఎండిన మామిడి మాను మీద వడ్రంగిపిట్ట! వీపు మేలిమి బంగారం, నెత్తిన ఎర్రటి కుచ్చు. రెండు వేళ్లు ముందుకీ రెండు వెనక్కీ దిగేసి, తోకని ఊతకర్రలా మానుకి ఆనించి నిలువునా ఎక్కుతోంది. కొడుతుంది, తల పక్కకి వంచి చూస్తుంది, మళ్లీ కొడుతుంది.

మా అబ్బాయి వాడి వదిలేసిన కెమెరా తీశాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నేను బొత్తాం నొక్కేసరికి అది మానుకి అవతల ఉంటుంది. పద్దెనిమిది తీస్తే ఒక్కటే జమ అయింది, తక్కినవన్నీ మొండి బకాయిలు. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే నుదురు నల్లగా, తెల్లటి చుక్కలతో ఉంది. మగదానికి నుదురు కూడా ఎరుపే. అంటే ఇంతసేపూ నేను మేస్త్రీ అనుకున్నది మేస్త్రమ్మ!

అంత గట్టిగా కొట్టినా మెదడు అదరకుండా దాని పుర్రె దెబ్బని మింగేస్తుందని మొన్నమొన్నటి దాకా చెప్పేవారు. 2022లో బెల్జియం శాస్త్రజ్ఞులు వేగం కెమెరాలతో పరీక్షించి, అదేమీ కాదు, తల గట్టి సుత్తిలాగే పనిచేస్తుందన్నారు. మెదడు చిన్నది కనక తట్టుకుంటుందట.

నాకు తట్టుకోవడం అంత తేలిగ్గా రాలేదు. ఒడియా బడిలో పిల్లలు నన్ను 'కాఠహణా' అని పిలిచేవారు, అంటే ఈ పిట్టే. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, ఇక ఉలి పట్టనన్నాను. నాన్న ఒక్క మాట అనలేదు. బి.కాం. చదివించారు. బ్యాంకు ఉద్యోగం వచ్చిన రోజున తన చేత్తో చేసిన టేకు కుర్చీ ఇచ్చారు. దాన్ని క్వార్టర్సుకి తీసుకెళ్లలేదు నేను. పాత మోడలు అన్నాను.

వచ్చే ఆదివారం రాయగడ వెళ్లినప్పుడు ఫోటో అమ్మకి చూపించాను. ఆ కుర్చీలోనే కూచుని ఉంది. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏ మానురా ఇది?"

"మామిడమ్మా. ఎండిపోయింది."

"అదీ సంగతి. పురుగు పడతాదని మీ నాన్న తలుపులకి మామిడి ముట్టేవోరు కాదు. దీనికేమో ఆ పురుగే కావాల" అని ఫోటో నాకివ్వకుండా ఒళ్లో పెట్టుకుంది.