కంప్యూటర్ కంపెనీకి ఆటలెందుకు?

మా హాస్టల్లో రాత్రి తొమ్మిది దాటితే చదువు సంగతేమో గానీ, ఫోన్లలో కాల్ ఆఫ్ డ్యూటీ తుపాకుల మోత మాత్రం ఆగదు. నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే పక్క సీట్లో అక్క కాండీక్రష్ మిఠాయిలు కలుపుతూ ఉంటుంది. శిరివెళ్ల ఎప్పుడు దాటిందో ఆమెకు పట్టదు. ఈ రెండు పేర్లూ ఇప్పుడు ఒకే యజమానివి.

2022 జనవరి 18న మైక్రోసాఫ్ట్, యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. మన లెక్కలో 5 లక్షల కోట్ల రూపాయల పైమాట! అధినేత సత్య నాదెళ్ల తెలుగువాడు, పెద్దలది పక్కనున్న అనంతపురం జిల్లా. ఇక మావాళ్ల సంబరానికి అంతేముంది? నేనూ సంబరపడ్డాను. అయితే సంబరం వేరు, సబబు వేరు.

కొంటే తప్పేమిటని మా రూమ్మేటు వాదన. పెద్ద ఆట తయారీకి ఏళ్లు పడుతుంది, వందలమంది పనిచేయాలి, జనానికి నచ్చకపోతే డబ్బంతా గంగపాలు. వెనక ఆసామి ఉంటేనే ధైర్యం అంటాడు. అందులో నిజం లేకపోలేదు. 2014లో ఇదే సంస్థ మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ఆట ఈనాటికీ సోనీ యంత్రాల మీద కూడా నడుస్తోంది.

అయినా నా గుంజాటన నాది. మాది పత్తి విత్తనం పండించే ఇల్లు. పొద్దున్నే పువ్వు పువ్వుకూ క్రాసింగు చేయాలి. మూలవిత్తనం కంపెనీది, అప్పు ఆర్గనైజరుది, పంట పాసో ఫెయిలో చెప్పేదీ ధర కట్టేదీ మళ్లీ కంపెనీయే. ఒక ఏడు ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. మాకెవరూ చెప్పలేదు, బిల్లు మీద పేరు మారితే తెలిసింది. వచ్చే ఏడు ఎవరికి పండిస్తావు నాయనా అంటే, "ఉండేది ఒగడే గదరా, ఇంగెవురికి?" అన్నాడు.

సోనీ భయమూ ఇంచుమించు ఇదే. యంత్రమూ, దుకాణమూ, ఆటా ఒకడివే అయి, పక్కవాడికి అమ్మనంటే? అమెరికాలో ఎఫ్.టి.సి. 2022 డిసెంబరులో అడ్డుపడింది. బ్రిటన్ సి.ఎం.ఎ. 2023 ఏప్రిల్‌లో కుదరదన్నది. కాల్ ఆఫ్ డ్యూటీని పదేళ్లు సోనీకి ఇస్తామని రాసిచ్చి, ఇంటర్నెట్ ద్వారా ఆడించే హక్కులు ఫ్రాన్సు కంపెనీ యూబీసాఫ్ట్‌కు అమ్మి, చివరకు 2023 అక్టోబరు 13న బేరం ముగించారు. మరి పదకొండో ఏడు మాటేమిటి?

ఆ తర్వాత మూడు నెలలకే, 2024 జనవరిలో, ఆటల విభాగం నుంచి 1,900 మందిని ఇంటికి పంపారు. సోనీకి పదేళ్ల కాగితం ఉంది. వీళ్లకు ఏ కాగితమూ లేదు. 2025 అక్టోబరులో గేమ్‌పాస్ పైతరగతి చందా అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి 30కి ఎక్కింది. వెనక ఆసామి ఉంటే ధైర్యమన్న మా రూమ్మేటు దీనికి మాత్రం జవాబు చెప్పడు.

నా మటుకు నేను బేరానికి ఒప్పుకునేది ఒక్క షరతు మీదే. పదేళ్లని కాదు, ఆట బతికున్నన్నాళ్లూ ఎవరి యంత్రానికైనా అమ్ముతామని ముందే రాసివ్వాలి. పనివాళ్ల సంగతీ ఆ కాగితంలోనే ఉండాలి. మా నాయనా ఆర్గనైజరు దగ్గర సంతకం పెట్టాడు. కాగితం ఒకటే కాపీ, అది వాళ్ల దగ్గరే ఉంది.