ఒక్కటి ఇవ్వండి

శనివారం రాత్రి రీడ్ స్విచ్ పగిలింది. దాని తీగ కాలు వంచుతుంటే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు, గాజు చివర వెంట్రుకంత బీట. లోపలి నైట్రోజన్ పోయి గాలి చొరబడితే ఇక దాన్ని నమ్మలేం. వంపుకీ గాజుకీ మధ్య కాలిని నోస్ ప్లయర్‌తో బిగించి పట్టుకోవాలి, తొందరలో ఆ పని చేయలేదు.

కాళ్లు వదిలేస్తే ఆ స్విచ్ అగ్గిపుల్లలో మూడో వంతు ఉంటుందేమో. 14 మి.మీ. గాజు గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు నికెల్-ఇనుము రేకులు. అయస్కాంతం దగ్గరకొస్తే కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టాడు. అదే అమెరికాలో, ఇంత కొలంబస్‌లో, ఒక్క స్విచ్ చేతికిచ్చే దుకాణం నాకు దొరకలేదు. ఆన్‌లైన్‌లో చాలాచోట్ల పది కలిపి కొనాలి. ఒక్కటే కావాలంటే సరుకు ధరకు ఎన్నో రెట్లు పోస్టేజీ. నాకు కావాల్సింది ఒక్కటి!

ఇక్కడ సరుకు వివరాలు ఇచ్చే తీరు మాత్రం మెచ్చుకోవాల్సిందే. ఎన్ని ఆంపియర్-టర్న్‌లకు కలుస్తుందో, ఎంత కరెంటు తట్టుకుంటుందో అన్నీ రాసి ఉంటాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు. కానీ అక్కడ "ఒక్కటి ఇవ్వండి" అంటే డబ్బాలోంచి ఒక్కటే తీసేవారు. మల్టీమీటర్‌కి తగిలించి, పాత స్పీకర్ అయస్కాంతం దగ్గరపెట్టి, బీప్ వినిపించాకే పేపరు ముక్కలో చుట్టి ఇచ్చేవారు. నా డిప్లొమా అలా ఒక్కొక్కటి కొనుక్కునే పూర్తయింది. పది కొనాల్సి వస్తే నా చదువు ఆగిపోయేది.

చివరికి డాలర్ దుకాణంలో కిటికీ అలారం కొన్నాను. లోపల రీడ్ స్విచ్, జతగా అయస్కాంతం. కాళ్లు కత్తిరిస్తే స్విచ్ మొద్దుబారుతుంది, అయస్కాంత బలాన్ని లోపలికి చేరవేసేవి ఆ కాళ్లే. అందుకే ఉన్న పొడవుకే వైరు అతికించాను. అయస్కాంతం బిళ్ల ముఖాన్ని సరిగ్గా గాజు మధ్యకు చూపిస్తే స్విచ్ ఉలకదు పలకదు. ఓ చివరకు జరిపితే టక్కున కలుస్తుంది. అరగంట అలా జరుపుతూ బీప్ వింటూ కూర్చున్నాను.

ఇదంతా వానను కొలవడానికి. పది సెంటీమీటర్ల గరాటు కింద తూగే చిన్న దోనె. రెండు మిల్లీలీటర్లు నిండగానే ఒరుగుతుంది, అయస్కాంతం స్విచ్ ముందునుంచి పోతుంది, లెక్క ఒకటి పెరుగుతుంది. ఒక్కో ఒరుగుకు పావు మిల్లీమీటరు వాన.

మా అనంతపురం పల్లెలో గరాటు లేదు, దోనె లేదు. మేఘం కరిగిన తెల్లారి నాయన చేనుగట్టు దిగి చెప్పు వదిలేసి నడిచేవాడు. మడమ దిగిన లోతే పదునుకు కొలత. వేరుశనగ వేయాలా, ఆగాలా అన్నది అక్కడే తేలేది.

ఆదివారం వాన కురిసింది. నలభై ఒరుగులు. ఫోన్‌లో చెప్పాను.

"పది మిల్లీమీటర్లు నాయనా."

"పదునైందా?"

ఫోన్ చెవినుంచి తీయకుండానే పెరట్లోకి వెళ్లి మట్టిలో వేలు గుచ్చాను.

"రెండు కణుపులు దిగింది."

"ఇంకో వాన రానీ రా," అన్నాడు.