కీడెంచి మేలెంచు



‘కీడెంచి మేలెంచమన్నారు’ పెద్దలు. ఈ సామెతను అందరమూ వల్లిస్తాము. కాని కీడెంచేవాడు ఎదురైతే మొహం తిప్పుకుంటాము. ఈ సంగతి నాకు పదకొండవ ఏటనే అనుభవానికి వచ్చింది.

అప్పుడు మేము అశోక్‌నగర్‌లో, హుస్సేన్‌సాగర్ నాలా పక్క సందులో అద్దెకుండేవారము. పై అంతస్తులో ఓవర్సీరుగా పనిచేసి విరమించిన తాతగారొకరు ఉండేవారు. ప్రతి వానాకాలం ఆయన నాలాలో పేరుకున్న చెత్తను చూచి వచ్చి, “సాగర్ పొంగిన రోజున నీరు మీ గడప దాటుతుంది. సామాను పైకెత్తుకోండి” అని మా అబ్బాకు చెప్పేవారు. “మన్‌హూస్ మాటలెందుకు?” అని అమ్మీ లోపలినుండి విసుక్కునేది.

2000 ఆగస్టు 24న నగరంలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. నీరు గడప దాటింది. అబ్బా ఏళ్ళ తరబడి గజళ్ళు వ్రాసుకున్న నోటుపుస్తకాలు బీరువా అడుగు అరలో ఉండేవి. తెల్లవారేసరికి వాటిలో అక్షరాలు లేవు, నీలిమరకలు మిగిలాయి. తాతగారు “నేను చెప్పలేదా?” అనలేదు. తమ గదిలో సగం ఖాళీచేసి మమ్మల్ని పైకి పిలిచారు.

ఇటీవల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు నా పూర్వ విద్యార్థి ఒకడు కలిశాడు. ఇంజనీరింగు చదివి, ఒక సంస్థలో ‘రిస్క్ అనలిస్టు’గా ఉన్నాడు. ఏది చెడిపోవచ్చు? అందుకు ఎంత అవకాశమున్నది? చెడిపోతే నష్టమెంత? ఈ మూడు ప్రశ్నలే తన వృత్తి సారమన్నాడు.

“నూరేళ్ళ వరద అంటే నూరేళ్ళకొకసారే వస్తుందనుకుంటారు, సార్. ఏటేటా నూటికి ఒక వంతు అవకాశమున్నదని దాని అర్థం. అటువంటి చోట ముప్పై ఏళ్ళు కాపురముంటే, ఒక్కసారైనా మునిగే అవకాశం నూటికి 26 వంతులు.”

నాకు మూసీ వరద గుర్తుకు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న అది వేలమందిని బలిగొన్నది. కారణం కుండపోత వాన ఒక్కటే కాదు. ఎగువ చెరువు తెగి, ఆ నీరు దిగువ చెరువును తెంచింది. మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జరిగినదానితోబాటు మళ్ళీ జరుగగలదానిని కూడా లెక్కించారు. ఆ ఆలోచన ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్.

మాటల్లోనే అశోక్‌నగర్ వంతెన చేరాము. అతడు గొంతు తగ్గించాడు. “నా పని సరిగా జరిగితే ఏ ప్రమాదమూ జరగదు, సార్. ఏదీ జరగకపోతే నీవెందుకని అడుగుతారు. మొన్న ఒక నివేదికలో ప్రమాదపు అంకెను తగ్గించి వ్రాయమన్నారు. వ్రాయలేదు. ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియదు.”

లెక్కలెరుగని తెలుగు ఉపన్యాసకుణ్ణి. ఏమి సలహా చెప్పగలను? ఆ వంతెన మీదనే తాతగారి కథ చెప్పాను. అతడు విని, “ఆయన మాట ఎవరైనా విన్నారా, సార్?” అన్నాడు. “వినలేదు నాయనా. అయినా ప్రతి ఏడూ చెప్పారు” అన్నాను.

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. కీడును ముందుగా చెప్పేవాణ్ణి అపశకునపు పక్షి అనకండి. లెక్క చూపమని అడగండి. ఆ లెక్క మీదే అయిన రోజున, ఎవరి మెప్పు కోసమూ అంకె తగ్గించకండి.

ఇప్పుడు నేను నారాయణగూడలో, మూడవ అంతస్తులో ఉంటున్నాను. అయినా పుస్తకాలు పై అరలోనే పెడతాను.